2012 మ్యాక్‌బుక్ ప్రోలో మాంటెరే, ఆపైన సోనోమా: పది నెలల పని డైరీ

ఈ నమూనా యంత్రం చేతిలో ఉండి, ఆపిల్ వదిలేసిన తరువాత కూడా దానిని వాడాలనుకునేవారి కోసం ఈ డైరీ రాశాను. ఏ రోజు ఏమి మార్చానో, ఎందుకు మార్చానో, అంకెలు ఎంత వచ్చాయో వరుసగా ఉన్నాయి. పనిచేసిన వాటికన్నా పనిచేయని వాటికే ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే నా సమయం పోయింది అక్కడే.

యంత్రం 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, 2012 మధ్యకాలపు నమూనా. అడుగు మూత మీద ఎ1278 అని ఉంటుంది కానీ ఆ గుర్తును నమ్మి విడిభాగాలు కొనకూడదు. 2008 చివరి నుంచి 2012 వరకు వచ్చిన పలు నమూనాల మీద అదే సంఖ్య ఉంది. సిస్టమ్ సమాచారంలో మ్యాక్‌బుక్‌ప్రో9,2 అని కనిపిస్తేనే ఈ డైరీ మీకు అక్షరాలా వర్తిస్తుంది. ప్రాసెసరు 2.5 గిగాహెర్ట్జ్ కోర్ ఐ5-3210ఎం, గ్రాఫిక్స్ ఇంటెల్ హెచ్‌డీ 4000, ర్యామ్ 4 జీబీ, డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరిగే 500 జీబీ హార్డ్‌డిస్కు. దీనికి ఆపిల్ అధికారికంగా ఇచ్చిన చివరి వ్యవస్థ (మ్యాక్‌ఓఎస్ కూర్పు) కాటలినా, దాని భద్రతా నవీకరణలు 2022లోనే ఆగిపోయాయి. దాని తరువాతి కూర్పులు వరుసగా బిగ్ సర్, మాంటెరే, వెంచురా, సోనోమా, సెకోయా. యంత్రం మా మేనకోడలిది. హాస్టల్లో చదువుకు వాడుతుంది, వారాంతాల్లో నా బల్ల మీదకు వస్తుంది.

వాడిన సాధనం ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్, ఆపిల్ వదిలేసిన మ్యాక్‌లలో కొత్త మ్యాక్‌ఓఎస్‌ను నడిపించే ప్రోగ్రాము. ఇది యంత్రపు ఫర్మ్‌వేరును (బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రామును) ముట్టుకోదు. డిస్కులో యంత్రం మొదలవడానికి కేటాయించిన ఈఎఫ్‌ఐ భాగంలో ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడరును (వ్యవస్థను లేపే చిన్న ప్రోగ్రామును) పెడుతుంది. వ్యవస్థ మొదలయ్యే ముందు అది లేచి, అవసరమైన పాత డ్రైవర్లను అందించి, ‘ఈ యంత్రానికి నేను చెల్లను’ అని మ్యాక్‌ఓఎస్ తిరస్కరించే తనిఖీని దాటిస్తుంది. ఆ తనిఖీని దాటడానికి అది వాడే ఉపాయం ముచ్చటైనది: ఇది నిజమైన యంత్రం కాదు, వర్చువల్ మెషీన్ (మరో కంప్యూటరులో ప్రోగ్రాముగా నడిచే యంత్రం) అని వ్యవస్థకు నమ్మకం కలిగిస్తుంది.

1వ దశ: ముందు కొలతలు (2024 జనవరి చివరి వారం)

ఏదీ మార్చకముందు కాటలినాలో తీసుకున్న అంకెలు ఇవి.

1. మీట నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ పనికి వచ్చేవరకు: 2 నిమిషాల 40 సెకన్లు.
2. 2 జీబీ ఫోల్డరును జిప్ చేయడానికి: 2 నిమిషాల 21 సెకన్లు.
3. బ్యాటరీ: 871 చార్జింగ్ చక్రాలు, మిగిలిన సామర్థ్యం 58 శాతం. ఈ నమూనా బ్యాటరీకి ఆపిల్ చెప్పే పరిమితి 1,000 చక్రాలు.

జిప్ పరీక్ష నాటుగా కనిపిస్తుంది కానీ ప్రతి దశలోనూ అదే ఫోల్డరు, అదే పద్ధతి కాబట్టి పోల్చుకోవడానికి అది చాలు. 4వ దశలో నన్ను కాపాడింది కూడా అదే.

ఇప్పటికి ఖర్చు: 0 రూపాయలు. సమయం: 2 గంటలు.

2వ దశ: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఒక పాపిష్టి కేబులు (ఫిబ్రవరి 3 – 17)

సికింద్రాబాద్ సీటీసీలో 8 జీబీ డీడీఆర్3ఎల్ 1600 ర్యామ్ రెండు, 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, పాత డిస్కును బయట పెట్టి వాడుకోవడానికి ఒక యూఎస్‌బీ పెట్టె, స్క్రూడ్రైవర్ల సెట్టు కొన్నాను. ఆపిల్ ఈ యంత్రానికి 8 జీబీ వరకే అధికారికంగా చెబుతుంది కానీ 16 జీబీ కూడా పనిచేస్తుంది.

ర్యామ్ పెట్టి మీట నొక్కగానే మూడు బీప్‌లు, కాసేపు ఆగి మళ్ళీ మూడు. మూడు బీప్‌లంటే ర్యామ్ ఉంది కానీ తనిఖీలో నెగ్గలేదని అర్థం. అసలు కనిపించకపోతే ఐదేసి సెకన్లకు ఒక్కొక్కటి మోగుతుంది. రెండింటినీ తీసి, ఒక్కొక్కటిగా, రెండు వైపులా సమానంగా నొక్కి పెట్టగానే సరిపోయింది. ఈ తప్పుకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఎస్‌ఎస్‌డీకి మాత్రం రెండు వారాలు పట్టింది. కాటలినాను కొత్త డిస్కు మీదకు ఎక్కిస్తుంటే మొదటిసారి ‘12 నిమిషాలు మిగిలాయి’ దగ్గర ఆగింది, రెండోసారి డిస్కును చెరపడమే కుదరలేదు, మూడోసారి పూర్తయి మర్నాటికి బూడిదరంగు తెర మీద ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డరు బొమ్మ వచ్చింది. డిస్కే చెడిందనుకుని దుకాణానికి తీసుకెళితే అక్కడి కుర్రవాడు తన కంప్యూటరుకు తగిలించి, “బాగానే ఉంది సార్, మీ మ్యాక్‌లోనే ఏదో ఉంది” అన్నాడు. నాకు కోపం వచ్చింది. అతను చెప్పింది నిజం.

ఇంటికి వచ్చి స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే డిస్కు తనిఖీ ప్రోగ్రామును ఎక్కించి డిస్కు సొంత లెక్కలు చదివాను. 199వ వరుసలో యూడీఎంఏ సీఆర్‌సీ దోషాల సంఖ్య 214 ఉంది. డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో సమాచారం ఎన్నిసార్లు చెడిపోయిందో ఆ సంఖ్య చెబుతుంది; డిస్కు లోపలి జబ్బుతో దానికి సంబంధం లేదు. మరోసారి వ్యవస్థను ఎక్కించి చూస్తే 1,946కు చేరింది. అదే డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి రోజంతా వాడితే ఒక్కటీ పెరగలేదు. అంటే దోషం డిస్కు కేబులుది.

ఈ నమూనాలో డిస్కును బోర్డుకు కలిపేది కాగితంలాంటి పలచని ఫ్లెక్స్ కేబులు. అది అల్యూమినియం పెట్టెకు ఆనుకుని మడత తిరుగుతుంది, ఏళ్ళ తరబడి ఆ రాపిడికి లోపలి తీగలు చెడతాయి. ఈ యంత్రాల్లో ఇది పేరుపడ్డ జబ్బు. పాత హార్డ్‌డిస్కు నెమ్మదిగా మాట్లాడేది కాబట్టి చెడిన కేబులు మీద కూడా లాక్కొచ్చింది. సెకనుకు 6 గిగాబిట్ల వేగంతో మాట్లాడే ఎస్‌ఎస్‌డీ వచ్చేసరికి బయటపడింది.

మొదటి కేబుల్లో ఉండే సంఖ్య 821-1480-ఎ. తరువాత వచ్చిన సవరించిన రకం 821-2049-ఎ, దానినే తెప్పించాను. మార్చిన పద్ధతి ఇది.

1. అడుగు మూతకు 10 స్క్రూలు. మూడు పొడవైనవి, ఏడు పొట్టివి. కాగితం మీద యంత్రపు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచాలి.
2. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టరును బోర్డు నుంచి విడదీయాలి. ఇది మరచిపోయి మరేదీ ముట్టుకోవద్దు.
3. డిస్కు పక్కనున్న పట్టీకి రెండు స్క్రూలు. డిస్కుకు నాలుగు మూలల్లో ఉన్న టీ6 టార్క్స్ మేకులను విప్పి కొత్త డిస్కుకు బిగించాలి.
4. ముందువైపు నిద్ర దీపం, ఇన్‌ఫ్రారెడ్ గ్రాహకం కూడా ఈ కేబులుతోనే వస్తాయి, కాబట్టి పట్టీతో సహా ఉన్నదే కొనాలి.
5. కేబులు ఆనే చోట పెట్టె లోపలి గోడకు కాప్టన్ (వేడిని తట్టుకునే పలచని) టేపు రెండు పొరలు అంటించాలి. మడతను గోటితో నొక్కి పదును చేయకూడదు, గుండ్రంగా వంగనివ్వాలి.

కేబులు మార్చాక ఎస్‌ఎస్‌డీ మీద కాటలినా ఒకే ప్రయత్నంలో ఎక్కింది. 199వ వరుసలోని సంఖ్య ఎప్పటికీ తగ్గదు, సున్నా చేయడం కుదరదు. పెరగకుండా ఉందా అన్నదే చూడాలి. ఆ రాత్రి 1,946, వారం తరువాత కూడా 1,946. ఆపిల్ అమర్చని ఎస్‌ఎస్‌డీలకు ట్రిమ్ (చెరిపిన ఫైళ్ళ చోటు ఖాళీ అని డిస్కుకు తెలిపే ఏర్పాటు) దానంతట అది పనిచేయదు కాబట్టి టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ ఆదేశంతో దానిని తెరిచాను.

మొదలయ్యే సమయం: 31 సెకన్లు. జిప్: 1 నిమిషం 50 సెకన్లు.

ఇప్పటికి ఖర్చు: ర్యామ్ 2,300, ఎస్‌ఎస్‌డీ 2,900, పెట్టె 450, స్క్రూడ్రైవర్లు 520, కేబులు 1,650, టేపు 120. మొత్తం 7,940 రూపాయలు. సమయం: 13 గంటలు.

3వ దశ: మాంటెరే 12.7.3 (ఫిబ్రవరి 18 – 25)

బిగ్ సర్ ఎందుకు కాదంటే, దానికి భద్రతా నవీకరణలు అప్పటికే ఆగిపోయాయి. పైకి వెళ్ళే కొద్దీ ప్యాచ్‌ల బరువు పెరుగుతుంది, కాబట్టి మాంటెరేను ఎంచుకున్నాను. ఇందులో ఒక చిక్కుంది: హెచ్‌డీ 4000 డ్రైవర్లను ఆపిల్ మాంటెరేలోనే తీసేసింది.

32 జీబీ పెన్‌డ్రైవు మీద ఇన్‌స్టాలరును స్నేహితుని కొత్త మ్యాక్‌లో తయారుచేశాను. అక్కడే మొదటి తప్పు. ప్యాచరు ఎక్కడ నడుస్తోందో ఆ యంత్రానికే ఓపెన్‌కోర్‌ను కూర్చుతుంది; వేరే యంత్రం కోసమైతే సెట్టింగుల్లో లక్ష్య నమూనాగా మ్యాక్‌బుక్‌ప్రో9,2 ఎంచుకోవాలి. నేను ఎంచుకోలేదు. ఆపిల్ బొమ్మ వచ్చి అక్కడే నిలిచిపోయింది, గంటసేపు వేచి చూశాను. సరైన నమూనాతో మళ్ళీ కూర్చాక పనిచేసింది.

1. ఆప్షన్ మీట పట్టుకుని యంత్రాన్ని తెరవాలి. బూట్ పట్టికలో ఓపెన్‌కోర్ ముద్రతో ఉన్న ఈఎఫ్‌ఐ బూట్‌ను ఎంచుకోవాలి, పసుపు రంగు ఇన్‌స్టాలరును నేరుగా ఎంచుకోకూడదు.
2. తరువాత వచ్చే ఓపెన్‌కోర్ పట్టికలో ఇన్‌స్టాలరును ఎంచుకోవాలి.
3. డిస్కును ఏపీఎఫ్‌ఎస్ (ఆపిల్ ఫైలు అమరిక) పద్ధతిలో చెరిపి ఎక్కించాలి. నాకు 44 నిమిషాలు పట్టింది, మధ్యలో మూడుసార్లు తిరిగి మొదలైంది.
4. డెస్క్‌టాప్ రాగానే ప్యాచరును తెరిచి, ఓపెన్‌కోర్‌ను లోపలి డిస్కు మీద కూడా పెట్టాలి.
5. రూట్ ప్యాచ్‌లు (ఆపిల్ తీసేసిన డ్రైవర్లను వ్యవస్థ భాగంలో తిరిగి పెట్టే మార్పులు) వేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

4వ అడుగు మరచిపోయి పెన్‌డ్రైవు పీకేశాను. వెంటనే అడ్డగీత వలయం (వలయం మీద అడ్డంగా గీత ఉన్న నిషేధ గుర్తు) వచ్చింది. ఆ బొమ్మను చూసి వ్యవస్థ చెడిందని చెరిపేయవద్దు. ఓపెన్‌కోర్ ద్వారా రాకుండా నేరుగా వచ్చావని యంత్రం చెబుతోంది, అంతే. పెన్‌డ్రైవు పెట్టి 1వ అడుగు నుంచి రావాలి. బూట్ పట్టికలో కంట్రోల్ మీట పట్టుకుని ఎంటర్ నొక్కితే ఆ ఎంపిక శాశ్వతమవుతుంది. ఎన్‌వీర్యామ్‌ను (ఇలాంటి సెట్టింగులను దాచుకునే చిన్న మెమరీని) చెరిపితే మాత్రం ఆ జ్ఞాపకం పోతుంది, అడ్డగీత మళ్ళీ వస్తుంది.

5వ అడుగుకు ముందు గ్రాఫిక్స్ మెమరీ 7 ఎంబీ అని చూపించింది. డాక్ వెనుక పారదర్శకత లేదు, విండోను లాగితే తెర ముక్కలుగా కదిలింది. ప్యాచ్ తరువాత 1536 ఎంబీ, అన్నీ మామూలుగా. ఈ ప్యాచ్‌కు మూల్యం ఉంది. వ్యవస్థ భాగానికి ఆపిల్ వేసిన గూఢ ముద్ర చెదిరిపోతుంది, సిస్టమ్ సమగ్రతా రక్షణను (వ్యవస్థ ఫైళ్ళను మార్చనివ్వని ఏర్పాటును) కొంత సడలించాల్సి వస్తుంది. అందుకే ఈ యంత్రంలో బ్యాంకు పనులు చేయవద్దని మేనకోడలికి చెప్పాను. వైఫై సంగతి వేరు: దాని పాత డ్రైవరును మాంటెరేలో ఓపెన్‌కోర్ ప్రతిసారీ మొదట్లోనే అందిస్తుంది కాబట్టి ప్యాచ్ లేకుండానే పనిచేసింది.

వీడియోల విషయంలో ఒక కొలత. బ్రౌజరులో 720 స్థాయి వీడియోకు ప్రాసెసరు 80 శాతం పైనే వాడకంలో ఉంది, వేడి 91 డిగ్రీలకు చేరింది. హెచ్.264, వీపీ9 అనేవి వీడియోను కుదించే రెండు పద్ధతులు. హెచ్‌డీ 4000 హెచ్.264ను సొంతంగా విప్పగలదు కానీ వీపీ9 దానికి రాదు, ఆ భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. హెచ్.264 మాత్రమే అడిగేలా చేసే చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టాక వాడకం 30 శాతానికి, వేడి 68 డిగ్రీలకు దిగింది. ఖర్చు లేని మార్పులలో ఇంత ఫలితమిచ్చింది మరొకటి లేదు.

మొదలయ్యే సమయం: 48 సెకన్లు. జిప్: 1 నిమిషం 52 సెకన్లు.

ఇప్పటికి ఖర్చు: పెన్‌డ్రైవు 380 కలిపి 8,320 రూపాయలు. దిగుమతి (డౌన్‌లోడ్): సుమారు 12 జీబీ. సమయం: 22 గంటలు.

4వ దశ: నేను ఎక్కువగా తప్పుదోవ పట్టిన రెండు వారాలు (మార్చి 10 – 26)

మార్చి 10న రెండు పనులు ఒకే సాయంత్రం చేశాను. 12.7.4 నవీకరణ ఎక్కించి రూట్ ప్యాచ్‌లు తిరిగి వేశాను. ట్రాక్‌ప్యాడ్ మీట గట్టిపడినట్టు అనిపిస్తే మూత తీసి చూశాను. బ్యాటరీ కొద్దిగా ఉబ్బి దానిని కింది నుంచి నెడుతోంది. ఉబ్బిన బ్యాటరీని ఒక్క రోజు కూడా ఉంచకూడదని తీసేసి, చార్జరు మీదే నడుపుతూ కొత్తదానికి ఆర్డరు పెట్టాను.

మర్నాటి నుంచి యంత్రం ఈడ్చుకుంటూ నడిచింది. జిప్ పరీక్ష 4 నిమిషాల 38 సెకన్లు. నవీకరణ తరువాతే కదా మొదలైంది అని నేను మొత్తం నేరం 12.7.4 మీద మోపాను. ప్యాచ్‌లు మూడుసార్లు తీసి వేశాను. ఎస్‌ఎంసీని (విద్యుత్తు, ఫ్యానులను చూసుకునే చిప్పును) రీసెట్ చేశాను. ఎన్‌వీర్యామ్‌ను చెరిపి, పైన చెప్పిన అడ్డగీత వలయాన్ని మరోసారి దర్శించాను. చివరికి డిస్కును చెరిపి మాంటెరేను మొదటి నుంచి ఎక్కించాను. జిప్: 4 నిమిషాల 36 సెకన్లు. గ్రాఫిక్స్ 1536 ఎంబీ సరిగ్గానే ఉంది, డిస్కు దోషాలు పెరగలేదు, వేడి 55 డిగ్రీలు దాటడం లేదు. ఆ వేడి దగ్గరే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది: పూర్తి భారంలో అంత చల్లగా ఉందంటే ప్రాసెసరును ఎవరో కట్టేశారని అర్థం.

కొత్త బ్యాటరీ 23న వచ్చింది. పెట్టి, మరో ఉద్దేశం లేకుండా పరీక్ష నడిపితే 1 నిమిషం 53 సెకన్లు. అప్పుడు గానీ తెలియలేదు. బ్యాటరీ లేనప్పుడు ఈ యంత్రాలు ప్రాసెసరు వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు కావలసినప్పుడు 60 వాట్ల చార్జరు ఒక్కటే తట్టుకోలేక యంత్రం ఆరిపోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు. అది ఆపిల్ తన సహాయ పుటల్లో ఎప్పుడో చెప్పిన విషయమే. మాంటెరేకు గానీ ప్యాచ్‌లకు గానీ ఇందులో ఏ పాత్రా లేదు.

అప్పటి నుంచి డైరీలో ఒక నియమం రాసుకుని పాటిస్తున్నాను: ఒక మార్పు, ఒక జిప్ పరీక్ష, ఆ తరువాతే రెండో మార్పు.

ఆ బ్యాటరీ కూడా నిలవలేదు. 34 శాతం దగ్గర హఠాత్తుగా యంత్రం ఆరిపోయేది. పూర్తిగా నింపి, పూర్తిగా ఖాళీ చేసి రెండుసార్లు చూసినా మారకపోతే అమ్మినవారికి తిప్పి పంపి వేరొక చోట కొన్నాను. దానిని బిగించే రెండు స్క్రూలకు మూడు రేకుల ట్రైవింగ్ స్క్రూడ్రైవరు కావాలి. మామూలు దానితో ప్రయత్నిస్తే తల అరిగిపోతుంది.

ఇప్పటికి ఖర్చు: బ్యాటరీ 3,400 కలిపి 11,720 రూపాయలు. దిగుమతి: సుమారు 25 జీబీ. సమయం: 36 గంటలు, ఇందులో 14 ఈ దశవే.

5వ దశ: హాస్టల్లో నవీకరణ (మే, జులై)

మే నెలలో మేనకోడలు ఫోను చేసింది. “మామయ్యా, రాత్రి బాగానే ఉంది. పొద్దున చూస్తే విండో లాగితే ముక్కలు ముక్కలుగా వస్తోంది. పైగా మా హాస్టల్ నెట్ కోటా మొత్తం అయిపోయింది.”

రెండింటికీ కారణం ఒక్కటే. 12.7.5 దానంతట అది ఎక్కింది. నవీకరణ వ్యవస్థ భాగాన్ని కొత్తగా రాస్తుంది కాబట్టి గ్రాఫిక్స్ ప్యాచ్‌లు తుడిచిపెట్టుకుపోతాయి. ముద్ర చెదిరిన వ్యవస్థకు చిన్న నవీకరణ రాదు, ప్రతిసారీ 12 జీబీల పూర్తి ఇన్‌స్టాలరే దిగుతుంది. ప్యాచరును తెరిచి రూట్ ప్యాచ్‌లు మళ్ళీ వేయమని ఫోనులోనే చెప్పాను, ఆరు నిమిషాల్లో సరిపోయింది. తప్పు నాది, స్వయంచాలక నవీకరణలను ఆపకుండానే యంత్రం ఇచ్చాను.

మార్చినవి:

1. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దిగుమతి, ఎక్కింపు రెండింటి టిక్కులూ తీసేశాను.
2. యంత్రం మూత లోపల ఒక చీటీ అంటించాను: ముందు ప్యాచరు కొత్త కూర్పు, తరువాత ఓపెన్‌కోర్ లోపలి డిస్కు మీద, ఆ తరువాత నవీకరణ, చివర రూట్ ప్యాచ్‌లు.

జులై చివర 12.7.6 వచ్చినప్పుడు ఆమె ఆ చీటీ చూసి తానే చేసుకుంది. నన్ను పిలవలేదు.

ఇప్పటికి ఖర్చు: మార్పు లేదు. దిగుమతి: సుమారు 50 జీబీ. సమయం: 41 గంటలు.

6వ దశ: సోనోమా 14.7 (అక్టోబరు 5 – 13)

సెప్టెంబరు 16న సెకోయా విడుదలైంది. ఆపిల్ సాధారణంగా తాజా మూడు కూర్పులకే భద్రతా నవీకరణలు ఇస్తుంది, కాబట్టి మాంటెరే కథ 12.7.6తో ముగిసిందని లెక్కవేశాను. ముందుకు కదలక తప్పదు. అప్పుడే వచ్చిన సెకోయాను ఈ యంత్రం మీద ప్రయోగించే ఓపిక నాకు లేదు; వెంచురా పెడితే ఏడాదిలో మళ్ళీ ఇదే పని. సోనోమా మధ్యే మార్గం.

వెంచురా నుంచి ఒక అదనపు అడ్డంకి ఉంది. ఇంటెల్ యంత్రాల కోసం ఆపిల్ ఇచ్చే ఉమ్మడి లైబ్రరీలు (ప్రోగ్రాములన్నీ పంచుకునే కోడ్) ఏవీఎక్స్2 అనే కొత్త లెక్కల ఆదేశాలున్న ప్రాసెసర్ల కోసమే కూర్చినవి, 2012 ప్రాసెసరుకు అవి లేవు. ఆపిల్ సొంత చిప్పు యంత్రాల్లో రొసెట్టా (ఇంటెల్ ప్రోగ్రాములను అక్కడ నడిపించే అనువాదకం) కోసం పెట్టిన, ఏవీఎక్స్2 అవసరం లేని లైబ్రరీలను ప్యాచరు ఇక్కడ వాడుకుంటుంది. దీనికి వాడుకరి చేయవలసినది ఏమీ లేదు.

పాత 500 జీబీ డిస్కు మీదకు పూర్తి ప్రతి తీసుకుని, చీటీలోని వరుసలో మొదలుపెట్టాను, ఒక్క అడుగు తప్ప. ప్యాచరు కొత్త కూర్పును ‘తరువాత దించుకుందాంలే’ అని వదిలేశాను. సోనోమా ఎక్కాక వైఫై కనిపించలేదు. మాంటెరేలో లాగా కాక, ఇక్కడ ఈ వైఫై కార్డుకు కూడా రూట్ ప్యాచ్ కావాలి. కొత్త ప్యాచరు కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే ప్యాచ్ కావాలి. నా ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీతో కలిపి నెట్ ఇవ్వబోతే మ్యాక్ దానిని గుర్తించలేదు. చివరికి ఈ నమూనాకు ఉన్న ఈథర్నెట్ రంధ్రమే ఆదుకుంది: రూటరు దగ్గర నేల మీద కూర్చుని, 150 రూపాయల కేబులు తగిలించి, ప్యాచరు దించి, ప్యాచ్‌లు వేసి, మళ్ళీ మొదలుపెట్టాక వైఫై, గ్రాఫిక్స్ రెండూ వచ్చాయి. మూత లోపలి చీటీకి ఇంకో వరుస చేర్చాను: ‘ఈథర్నెట్ కేబులు చేతిలో లేకుండా మొదలుపెట్టవద్దు’.

సోనోమాలో కొలతలు:

1. మొదలయ్యే సమయం: 61 సెకన్లు.
2. జిప్: 1 నిమిషం 58 సెకన్లు.
3. ఏ ప్రోగ్రామూ తెరవకముందు వాడుకున్న ర్యామ్: 5.1 జీబీ. 4 జీబీతో దీనిని ప్రయత్నించడం వృథా, 8 కూడా ఇరుకే.
4. బ్యాటరీ మీద రాత పని, బ్రౌజరు: 4 గంటల 10 నిమిషాలు. మాంటెరేలో 4 గంటల 40 నిమిషాలు వచ్చేది.

విండోలు చిన్నవి చేసేటప్పుడు మాంటెరేలో లేని ఒక తడబాటు కనిపిస్తోంది. సౌలభ్య సెట్టింగుల్లో కదలికలను, పారదర్శకతను తగ్గించాక చాలావరకు పోయింది.

ఇప్పటికి ఖర్చు: 11,870 రూపాయలు. దిగుమతి: సుమారు 63 జీబీ. సమయం: 48 గంటలు.

7వ దశ: 14.7.1, తనిఖీ (నవంబరు 10)

చీటీ ప్రకారం, ఈథర్నెట్ తగిలించి చేశాము. 52 నిమిషాలు పట్టింది, అడ్డగీత రాలేదు. మూత తీసి ఫ్యాను రెక్కల దుమ్మును మెత్తటి బ్రష్షుతో తుడిచాను, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని. వేడిలో తేడా 3 డిగ్రీలే. మడత దగ్గర కాప్టన్ టేపు చెక్కుచెదరలేదు, కేబులు మీద గీత లేదు. జిప్ 1 నిమిషం 57 సెకన్లు. బ్యాటరీ 61 చక్రాలు. 199వ వరుస: 1,946.